కొత్త కౌన్సెలర్ మేడం గారికి సీనియర్ సలహాలు

మేడం గారూ, కౌన్సెలర్ ఉండి తీరాలని సీబీఎస్ఈ వాళ్లు అన్నారు కాబట్టి మిమ్మల్ని తీసుకున్నాం. మీ గదిని స్టాఫ్ రూముకి ఆనుకుని, సగం ఎత్తు ప్లైవుడ్ గోడతో కట్టించాం. పిల్లలు ఏం చెప్పుకున్నా అందరం ఒకేసారి వినొచ్చు.

ఏదో ఒకరోజు తొమ్మిదో తరగతి పిల్లాడు వచ్చి, చాలాసేపు గోళ్లు గిల్లుకుని, తనకి అబ్బాయిలంటేనే ఇష్టమని చెప్తాడు. వెంటనే నవ్వండి. "ఈ వయసులో ఇవన్నీ మామూలేరా, ఇంటర్‌లో చేరితే అవే పోతాయి" అనండి. ఎంపీసీలో పడ్డాక సొంత పేరే గుర్తుండదు, ఇదెంత! అమ్మాయి వచ్చి ఫలానా అమ్మాయంటే ఇష్టమని చెప్తే ఇంకా సులువు. మర్నాటి నుంచి ఇద్దరినీ వేరే వేరే సెక్షన్లలో వేయించండి.

పిల్లాడు గుమ్మం దాటగానే వాళ్ల నాన్నకి ఫోన్ చేయండి. అసలు పని ఇదే గనుక కాస్త వివరంగా చెప్తాను. "ఇంట్లో తెలిస్తే ఏమవుతుంది? కొడతారా, చదువు మాన్పిస్తారా, నీ వైపు మాట్లాడేవాళ్లు ఎవరున్నారు?" అని ముందు పిల్లాణ్ణే అడగాలని కొందరు అంటారు. అడిగితే చెప్తాడు. విన్నాక మీకు ఫోన్ చేయబుద్ధి కాదు. అందుకే అడక్కండి. ప్రాణాపాయం ఉంటే తప్ప పిల్లల గుట్టు బయటపెట్టకూడదన్న నియమాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించాం. ఫోను దాని కిందే ఉంది. తండ్రి బెల్టు తీస్తే అది వాళ్లింటి విషయం. బడి మాన్పించి మేనమామ ఊరికి పంపేస్తే టీసీ మనమే ఇస్తాం, బకాయి ఫీజు కట్టించుకుని. ఇక పిల్లాడు బతకాలని లేదన్నాడనుకోండి, ఆ ఒక్కసారి మాత్రం ఎవరికీ చెప్పకండి. "ఇవాళ యూనిట్ టెస్టు, రేపు రా" అనండి. టెలిమానస్ 14416, చైల్డ్‌లైన్ 1098 నంబర్లు నోటీసు బోర్డు మీద ఉన్నాయి, వాటి మీదే ఫీజుల పట్టిక అంటించాం.

"దీన్ని నయం చేసే డాక్టరున్నాడా మేడం?" అని తల్లిదండ్రులు అడుగుతారు. ఎవరో ఒకరి నంబరు ఇచ్చేయండి. స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసిందని, మార్చే వైద్యం పేరుతో చేసేదాన్ని జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తన అందని మీకు తెలిసే ఉంటుంది. తెలిసినట్టు కనపడకండి. అంతకు ముందే, 2021లో, అలాంటి వైద్యం కూడదన్న మద్రాసు హైకోర్టు జడ్జి ఆనంద్ వెంకటేశ్ గారు తనకీ సంగతులు తెలియవని ఒప్పుకుని, సైకాలజిస్టు ముందు కూర్చుని నేర్చుకున్నారు. ఆయనకి తీరిక ఉంది. మనకి సిలబస్ ఉంది.

క్లాసులో ఒకణ్ణి "ఆడంగి" అని, "తేడా" అని ఏడిపిస్తుంటే ఏడిపించేవాళ్ల జోలికి పోకండి. వాళ్లు పదిమంది, పది ఫీజులు. వీణ్ణే పిలిచి నడక మార్చుకోమనండి. బాత్రూంకి వెళ్లాలంటే భయమేసి సాయంత్రం దాకా మంచినీళ్లు ముట్టడంలేదట, క్రమశిక్షణ అంటే అదే. పీఈటీ సార్ కూడా వాణ్ణి ఆడంగి అనే పిలుస్తారు గానీ, ఆయనది సరదా.

రిజిస్టర్‌లో అబ్బాయిగా ఉన్న పిల్ల తనని అమ్మాయిగా పిలవమంటే మన యాప్‌లో ఆ వీల్లేదని చెప్పండి. తామెవరో తామే చెప్పుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2014లో నల్సా తీర్పులో అంది, బడుల్లో వివక్ష కూడదని 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం అంది. అయినా మనకి ఆదర్శం ఎన్‌సీఈఆర్‌టీ. ట్రాన్స్‌జెండర్ పిల్లల గురించి టీచర్ల కోసం 2021లో ఓ కరదీపిక తెచ్చి, ఫిర్యాదు రాగానే వెబ్‌సైట్‌లోంచి తీసేసింది.

ఇవన్నీ పాటిస్తే దసరా సెలవుల నాటికి మీ గదికి ఎవరూ రారు. ఖాళీగా ఉంటారు కాబట్టి అడ్మిషన్ల ఫోన్లు మీరే చూసుకోవాలి. ఏడాది చివర నివేదికలో "అటువంటి విద్యార్థులు: లేరు" అని రాయాలి. నిరుటి కాగితం బీరువాలో ఉంది, తేదీ మార్చి సంతకం పెడితే చాలు.