బాబాయి గారికి, సినిమా భక్తుల తరఫున



ఇక్కడ అందరం క్షేమం. మీరూ పిన్నీ క్షేమమని మీ వాట్సాప్ స్టేటస్‌లు పొద్దుటా సాయంత్రం తెలియజేస్తూనే ఉన్నాయి కనక కుశల ప్రశ్నలు వదిలేసి విషయానికి వస్తాను. ఫోనులో వాదన మీకు ఎదురు తిరిగినప్పుడల్లా సిగ్నల్ పోతుంది. కాగితానికి ఆ జబ్బు లేదు. మీ అభియోగం నాకు అర్థమైనంత వరకు ఇదీ: అమెరికా చేరిన మనవాళ్ళకి దేవుడు సినిమా హాల్లో తప్ప కనపడడు, పాప్‌కార్న్ బకెట్ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటారు, మర్నాడు దీపం పెడతారు, పై నెలకి దీపమూ ఉండదు దేవుడూ ఉండడు, దీన్ని భక్తి అనడం భక్తికే అవమానం. ముద్దాయిల తరఫున నేను వకాల్తా పుచ్చుకుంటున్నాను. సినిమా కదిలించి మొదలెట్టించిన ప్రార్థన దొంగ ప్రార్థన కాదు. ఊరికి దూరంగా బతికేవాడికి చాలాసార్లు మిగిలిన దారి కూడా అదే.

మనవాళ్ళ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ దేశస్థుల్ని సాక్షులుగా పిలుస్తాను. 2015 ఆగస్టు చివర్లో ఇక్కడ ‘వార్ రూమ్’ అనే సినిమా వచ్చింది. తీసినవాళ్ళు కెండ్రిక్ సోదరులు. జార్జియా రాష్ట్రంలో ఆల్బనీ అనే ఊళ్ళో ఒక బాప్టిస్టు చర్చిలో పాస్టర్లుగా ఉంటూ సినిమాలు తీయడం మొదలెట్టిన మనుషులు. పేరు చూసి ఫిరంగులూ ట్యాంకులూ ఆశించి వెళ్ళినవాడికి బట్టల అలమరా చూపిస్తారు. కథ ఇంతే: కాపురం బీటలు వారిన ఒకావిడ ఇళ్ళు అమ్మిపెట్టే పని మీద క్లారా అనే ముసలమ్మ ఇంటికి వెళుతుంది. ఆ ముసలమ్మ తన క్లోజెట్ ఖాళీ చేసుకుని, గోడల నిండా ప్రార్థనల చీటీలు అంటించుకుని, తలుపు వేసుకుని అక్కడే దేవుడితో మాట్లాడుకుంటుంది. ఈవిడా ఇంటికొచ్చి బట్టలూ చెప్పులూ బయటపడేస్తుంది. విమర్శకులు సినిమాని ఉతికి ఆరేశారు. జనం మాత్రం 30 లక్షల డాలర్లతో తీసిన దానికి అమెరికాలోనే 6 కోట్ల 70 లక్షల డాలర్ల పైన కట్టబెట్టారు. రెండో వారాంతంలో అది దేశంలో మొదటి స్థానానికి వచ్చింది. అంతటితో ఆగలేదు, చూసినవాళ్ళు ఇళ్ళకి వెళ్ళి నిజంగానే క్లోజెట్లు ఖాళీ చేసుకున్నారు. అమెరికన్ తన క్లోజెట్ ఖాళీ చేశాడంటే అది ఎంత త్యాగమో మీకు ఊరి నుంచి తెలియదు. ఇల్లైనా అమ్ముకుంటాడు గాని అందులో సామాను కదపడు.

మరి మనవాళ్ళో? కెండ్రిక్ సోదరులు కెమెరా పట్టకముందు నుంచీ అద్దె అపార్టుమెంట్లలో మన వేంకటేశ్వరస్వామి క్లోజెట్‌లోనే కాపురం ఉంటున్నాడు. ఎడమ పక్కన అలమేలుమంగ, కుడి పక్కన వాక్యూమ్ క్లీనర్. హారతి ఇచ్చేటప్పుడు ఒకరు కర్పూరం వెలిగిస్తే ఇంకొకరు కుర్చీ ఎక్కి స్మోక్ అలారం కింద తువ్వాలు విసరాలి, అది మోగిందంటే అపార్టుమెంటు మొత్తానికి పూజ అయినట్టే. జాగా ఉంది, పటమూ ఉంది. లేనిది ఆ తలుపు రోజూ తెరవాలనే బుద్ధి. సినిమా తెచ్చిపెట్టేది ఆ బుద్ధిని. దాని దగ్గరే మీకూ నాకూ తగాదా.

ఇక్కడ కొంచెం నిష్ఠూరంగా మాట్లాడాలి, క్షమించండి. మీరు తెల్లవారుజామునే లేచి స్నానం చేసి దణ్ణం పెట్టుకుంటారు, నిజమే. కాని మిమ్మల్ని లేపేదెవరు? వీధి చివర గుడి మైకు. ధనుర్మాసం వచ్చిందని చెప్పేదెవరు? అదే మైకు, ఇంకాస్త గట్టిగా. కార్తీక సోమవారం ఉపవాసం మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఆ పూట పిన్ని పొయ్యి వెలిగించదు. వినాయక చవితి చందాకి పిల్లలు గేటు తోసుకుని వస్తారు. శుక్రవారం పక్కింటి సాంబ్రాణి పొగ మీ వరండాలోకి ఉచితంగా వస్తుంది. మన ఊళ్ళో నాస్తికుడు కూడా దద్ధోజనం తినకుండా తప్పించుకోలేడు. అంటే అక్కడ భక్తిలో సగం మనిషిది, సగం మునిసిపాలిటీది. ఇక్కడ ఆ రెండో సగం లేదు. ఏకాదశి నాడు ఆఫీసులో పిజ్జా పెడతారు. తిథి అక్కడ ఒక రోజు, ఇక్కడ ఒక రోజు, పండగ ఎప్పుడన్నది వాట్సాప్ గ్రూపులో తేలేసరికి పండగ వెళ్ళిపోతుంది. గుళ్ళు లేవా అంటారు. ఉన్నాయి. పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్ కొండ మీద 1977 నాటికే వేంకటేశ్వరస్వామిని ప్రతిష్ఠించుకున్నారు. కాని గుడి ఉండడం వేరు, మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చినవాడికి గుడి గుర్తుకు రావడం వేరు. ఇక్కడ ప్రతి దణ్ణమూ మనిషి ఒంటరిగా నిర్ణయం తీసుకుని పెట్టాలి. అటువంటివాడికి రెండున్నర గంటల పాటు తన భాషలో, తనవాళ్ళ మధ్య, చీకట్లో, ఎవరూ తనని చూడని చోట దేవుడి కథ చెబితే కదిలిపోక ఏం చేస్తాడు? మీకు ఊరంతా కలిసి ఏడాది పొడుగునా చేసే పని అతనికి ఒక హాలు ఒక సాయంత్రంలో చేస్తుంది.

ఇది అమెరికా తెచ్చిన తెగులు అని కూడా అనకండి. తెలుగువాడికి పురాణం ఎప్పుడు పుస్తకంలోంచి వచ్చింది గనక? హరికథలోంచి, తోలుబొమ్మల్లోంచి, పద్యనాటకంలోంచి వచ్చింది. తెలుగు సినిమా నోరు విప్పి మాట్లాడిన మొదటి మాటే 1932లో ‘భక్త ప్రహ్లాద’. 1960లో ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’ తర్వాత తిరుపతి వెళ్ళిన యాత్రికులు బస్సుల్లో మద్రాసు దాకా పోయి అందులో స్వామిగా వేసిన రామారావు గారి ఇంటి ముందు నిలబడేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. కొండ మీద క్యూలో చూసింది క్షణమే, ఈయన తీరిగ్గా చెయ్యి ఊపేవాడు. 1978లో ‘కరుణామయుడు’ వచ్చింది. దాన్ని వేరే భాషల్లోకి మార్చి పల్లెపల్లెనా తెరకట్టి చూపించారు, ఆ సినిమా చూసి ప్రార్థన మొదలెట్టిన కుటుంబాలు ఎన్నో. అందులో ఏసుగా వేసిన విజయచందర్ గారే 1986లో షిర్డీ సాయిబాబాగా వేశారు. ఒకే మనిషి ముఖం రెండు మతాల ఇళ్ళలో జనం చేత చేతులు జోడింపజేసింది. ఏ ఇంట్లోనూ ఆయన అవతలి వేషం గురించి పేచీ పెట్టుకోలేదు. మొక్కింది విజయచందర్‌కి కాదని వాళ్ళకి తెలుసు. మీ ఆక్షేపణకి జవాబు వాళ్ళే చెప్పేశారు.

‘అన్నమయ్య’ సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే మీ అస్త్రం అదేనని తెలుసు. 1997లో వచ్చిన ఆ సినిమాలో చరిత్ర ఎంత, రాఘవేంద్రరావు గారి పూలూ పళ్ళూ ఎన్ని అని మీరు అడుగుతారు. పదకవితా పితామహుడికి డ్యూయెట్లేమిటి అంటారు. ఒప్పుకుంటాను, మొదటి సగం చూస్తే తాళ్ళపాక మీద ఎవరో సెట్టింగులు దించారనిపిస్తుంది. ఇంకో మాటా అంటారు: అన్నమయ్యని బతికించింది నాగార్జున కాదు, పండితులు. అదీ నిజమే. తిరుమల గుడిలో ఒక చిన్న అరలో రాగిరేకుల మీద కీర్తనలు నాలుగు వందల ఏళ్ళు పడి ఉన్నాయి. (చూశారా, ఆయన పాటలూ క్లోజెట్‌లోనే ఉన్నాయి!) వాటిని 1920ల్లో వెలికితీశారు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, రాళ్ళపల్లి వారు పరిష్కరించారు, స్వరపరిచారు. ఎమ్మెస్ గారు పాడారు. సినిమా నాటికి పని అంతా అయిపోయింది. అయితే ఆ పని అందుకున్నవాళ్ళు ఎవరు? సంగీతం తెలిసినవాళ్ళు, కచేరీకి వెళ్ళేవాళ్ళు. కీరవాణి గారి బాణీలతో అదే కీర్తన వంట చేస్తూ గొంతు కలిపేవాళ్ళకీ, కారు నడిపేవాళ్ళకీ చేరింది. చివరి అరగంటలో ముసలి అన్నమయ్య స్వామి ముందు కూర్చున్నప్పుడు చరిత్ర తప్పులు వెతికే ఓపిక మీకైనా ఉండదు, పందెం. ఆ తరవాత ఏమైందో కూడా చూడండి. కాలిఫోర్నియాలో 2001లో పుట్టిన సిలికానాంధ్ర వాళ్ళు అమెరికాలో అన్నమయ్య ఉత్సవాలు చేస్తూ వచ్చి, 2009 మేలో సికింద్రాబాదు పరేడ్ మైదానంలో 1,60,000 మంది పైగా గొంతుల చేత అన్నమయ్య కీర్తనలు ఒకేసారి పాడించారు. ఇదంతా సినిమా వల్లే అంటే పండితులకి ద్రోహం. సినిమా లేకుండా అంతమందికీ ఆ పాటలు ముందే నోటికి వచ్చి ఉండేవంటే నేను నమ్మను.

వ్యాపారం కదా అంటారా? అవును, శుద్ధ వ్యాపారం. 2023లో ‘ఆదిపురుష్’ వాళ్ళు ప్రతి హాల్లోనూ హనుమంతుడికి ఒక సీటు వదిలేస్తామన్నారు. సినిమా మొదలైన అరగంటకి ఆయన లేచి వెళ్ళిపోయి ఉంటాడని నా అనుమానం. అదే హనుమంతుడి పేరుతో ప్రశాంత్ వర్మ 2024 సంక్రాంతికి వదిలిన సినిమాకి ఇక్కడ 50 లక్షల డాలర్ల పైన వచ్చింది. దేవుడు ఒకడే, వసూళ్ళు వేరు. ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే, ‘అన్నమయ్య’ తీసిన దర్శకుడూ హీరోయే కీరవాణి గారితో కలిసి, అదే ఏడుకొండలవాడి మీద 2017లో ‘ఓం నమో వేంకటేశాయ’ తీస్తే జనం పెద్దగా రాలేదు. భక్తిని అచ్చులో పోసి అమ్మగలిగితే ఆ సినిమా ఆడి ఉండాలి. దేవుడి పేరు చెబితే చాలు తెలుగువాడు ఏడుస్తాడన్న మీ సిద్ధాంతం బాక్సాఫీసు దగ్గరే ఓడిపోయింది. నిర్మాత డబ్బు కోసమే తీస్తాడు, చూసేవాడు మాత్రం డబ్బిచ్చి కూడా కదలనిచోట కదలడు. హుండీలో పడే డబ్బు గురించి ఈ ప్రశ్న మీరెప్పుడూ అడగలేదన్నది వేరే సంగతి.

మిగిలింది మీ బలమైన వాదం: నిలవదు. మీరు లెక్కల మాస్టారు కనక లెక్కే చెబుతాను. ప్యూ సంస్థ సర్వేల ప్రకారం రోజూ ప్రార్థన చేసే అమెరికన్లు 2007లో నూటికి 58 మంది, 2023-24 సర్వే నాటికి 44 మంది. మధ్యలో ‘వార్ రూమ్’ వచ్చింది, వెళ్ళింది, లెక్క కిందికే దిగింది. ఇది నాకు ఎదురు సాక్ష్యమే, దాచను. సినిమా దేశాన్ని మార్చదు. కాని నేను దేశం తరఫున వాదించడం లేదు. ఒక ఇంట్లో ఒక మనిషి, మానేసిన పని మళ్ళీ మొదలెట్టిన సంగతి చెబుతున్నాను. అతను రెండు నెలలకి మళ్ళీ మానేస్తే ఆ రెండు నెలలూ అబద్ధమా? మండలం రోజులు అయ్యప్ప మాల వేసుకుని, మాల తీసిన సాయంత్రమే సిగరెట్టు కోసం జేబులు తడుముకునేవాళ్ళు మన వీధిలో ఎంతమంది లేరు? వాళ్ళని మీరు ‘స్వామీ’ అనే పిలిచారు, ఎదురొస్తే పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. ఆ నలభై ఒక్క రోజుల దీక్ష దొంగదని ఏనాడూ అనలేదు. పై ఏడు మళ్ళీ వేస్తాడులే అన్నారు. అదే మాట సినిమా చూసి దీపం పెట్టిన ఇక్కడి కుర్రాడి గురించి ఎందుకు అనరు? అతనూ పై సినిమాకి మళ్ళీ వెలిగిస్తాడు. ఆ మధ్యలో ఏదో ఒకటి అతుక్కుంటుంది కూడా: పిల్లని ఆదివారం కీర్తనల క్లాసుకి పంపడమో, శనివారం గుడికి దారి వెతుక్కోవడమో, చర్చికి వెళ్ళేవాడైతే రాత్రి కుటుంబ ప్రార్థన మళ్ళీ మొదలెట్టడమో. అదేదీ అతుక్కోకపోతే మాత్రం, ఆ కన్నీళ్ళని నేనూ టికెట్టు ఖర్చులో రాసేస్తాను.

పిన్నికి నమస్కారాలు. మీ దగ్గరున్న నా ఓటీటీ పాస్‌వర్డ్ నిన్న మార్చాను. కొత్తది కావాలంటే ‘అన్నమయ్య’ చివరి అరగంట చూసి, నా వాదనలో తప్పు ఎక్కడుందో ఉత్తరం రాయండి. ఫోను చేస్తే చెల్లదు.

ఇట్లు,
మీ అన్నగారబ్బాయి