మూడూ నాలుగూ కలిపితే టింగ్

మూడుకు నాలుగు కలిపితే కంప్యూటర్ 'టింగ్' మంటుంది. ఏడు అని రాయదు, ఏడు అని పలకదు. టింగ్ మని ఊరుకుంటుంది.

ఈ టింగ్ గొడవ కొన్నాళ్లుగా నా ప్రాణాలు తోడేస్తోంది. మా మేనల్లుడికి ఈ సెమిస్టర్‌లో మైక్రోప్రాసెసర్ ల్యాబ్ తగిలింది. చుట్టాల్లో అసెంబ్లీ లాంగ్వేజ్ వాసన తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో సాయంత్రం అయితే చాలు ఫోన్.

"మావయ్యా, ఇది అసలు కూడుతోందంటావా?"

"కూడుతోందిరా. లోపల ఏడు ఉంది."

"ఉంటే చెప్పడానికేం రోగం?"

రోగమేమీ లేదు. ఇంటెల్ వాళ్లు 1978లో 8086 చిప్‌ని తయారుచేసినప్పుడు దానికి కూడటం నేర్పారు, తీసేయడం నేర్పారు, గుణించడం, భాగించడం కూడా నేర్పారు. జవాబు చెప్పడం మాత్రం నేర్పలేదు. మనవాడు ఏఎల్ అనే రిజిస్టర్‌లో, అంటే చిప్ లోపలి చిన్న గిన్నెలో, ఉన్న ఏడుని డీఎల్‌లోకి తెచ్చి, ఏహెచ్‌లో 2 పెట్టి, ఇంట్ 21హెచ్ అని డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని పిలిచాడు. 'డీఎల్‌లో ఉన్న అక్షరాన్ని తెరమీద వెయ్యి' అని దానర్థం. డాస్ అక్షరాలా ఆ పనే చేసింది. అక్షరాల పట్టికలో ఏడో నంబరు బొమ్మ కాదు, గంట. టెలిప్రింటర్ల రోజుల్లో అవతలి ఆపరేటర్ కునుకు తీస్తుంటే లేపడానికి పెట్టిన గంట. అది ఇవాళ మావాడి ల్యాబ్‌లో మోగుతోంది. అక్కడా కునుకు తీసేవాళ్లకు కొదవ లేదనుకోండి.

మిగతా అంకెల సంగతి ఇంకా చూడముచ్చటగా ఉంటుంది. జవాబు ఒకటైతే నవ్వు ముఖం వస్తుంది, రెండైతే అదే నవ్వు రంగు తిరగబడి వస్తుంది. మూడైతే ఆఠీను, నాలుగైతే డైమను, అయిదు కళావరు, ఆరు ఇస్పేటు. 1981 నాటి ఐబీఎం పీసీ తన అక్షరాల్లో పేకముక్కల్ని కూడా కలిపేసుకుంది మరి. ఎనిమిది వస్తే కర్సర్ ఒకడుగు వెనక్కి వేస్తుంది, తొమ్మిది వస్తే ముందుకి గెంతుతుంది. ఆన్‌లైన్ రమ్మీని మన రెండు రాష్ట్రాలూ నిషేధించాయి గానీ మైక్రోప్రాసెసర్ ల్యాబ్ జోలికి ఇంకా ఎవరూ రాలేదు.

సరే, దీనికి మందుంది. ఆస్కీ అనే ఆ అక్షరాల పట్టికలో సున్నా అనే అక్షరం నంబరు 48. కనుక లోపలి అంకెకి 48 కలిపితే తెరమీద ఆ అంకె బొమ్మ పడుతుంది. ఏడుకి 48 కలిపితే 55, అదే '7' అక్షరం. మావాడికి చెప్పాను. ఆ పూట ఏడు కనబడింది. ఇంట్లో శుభకార్యం జరిగినంత సంబరపడ్డాడు.

మర్నాడు మళ్లీ ఫోన్. "మావయ్యా, తొమ్మిదీ ఎనిమిదీ కలిపితే 'ఏ' వచ్చింది. గ్రేడంటావా?"

గ్రేడు కాదు నాయనా. పదిహేడుకి 48 కలిపితే 65. అది ఇంగ్లీషు పెద్ద 'ఏ'. రెండంకెల సంఖ్యని ఒక్క అక్షరంగా అచ్చు వెయ్యమంటే అది మాత్రం ఏం చేస్తుంది? పదితో భాగించాలి. శేషం చివరి అంకె. భాగఫలాన్ని మళ్లీ పదితో భాగించాలి, మళ్లీ శేషం. అలా భాగఫలం సున్నా అయ్యేదాకా. 1234ని ఇలా భాగిస్తూ పోతే అంకెలు 4, 3, 2, 1 అని వెనకనుంచి బయటికొస్తాయి. మన పండితులకిది కొత్త కాదు. శకసంవత్సరాన్ని శాసనంలోనో పద్యంలోనో భూతసంఖ్యల్లో, అంటే అంకెలకి బదులు మాటల్లో, ఇరికించేటప్పుడు వాళ్లూ ఒకట్ల స్థానం నుంచే మొదలుపెట్టేవారు. 1234 కావాలంటే వేద, గుణ, నేత్ర, చంద్ర అని వరస. నాలుగు, మూడు, రెండు, ఒకటి. చదివేవాడు తిప్పి చదువుకుంటాడులే అని వాళ్ల ధీమా. మావాడి ల్యాబ్ ఎగ్జామినర్ మీద నాకంత ధీమా లేదు. అందుకని వచ్చిన ప్రతి శేషాన్నీ స్టాక్‌లోకి తోసి, అన్నీ అయ్యాక ఒక్కొక్కటే బయటికి లాగాలి. షేర్ ఆటోలో లాగా ఆఖర్న ఎక్కినవాడే ముందు దిగుతాడు.

ఇక్కడ ఇంకో గుంట ఉంది. భాగించే ముందు ప్రతిసారీ డీఎక్స్ రిజిస్టర్‌ని సున్నా చెయ్యాలి. ఎందుకంటే ఆ చిప్ ఏఎక్స్ ఒక్కదాన్నే కాదు, డీఎక్స్‌నీ ఏఎక్స్‌నీ పక్కపక్కన పెట్టి ఒకే పెద్ద సంఖ్య అనుకుని భాగిస్తుంది. మొదటి భాగహారంలో మిగిలిన శేషం 4 డీఎక్స్‌లోనే కూర్చుని ఉంటుంది. దాన్ని తుడవకపోతే రెండోసారి 123కి బదులు నాలుగు అరవై అయిదువేల అయిదువందల ముప్పై ఆర్లు, వాటిమీద ఇంకో 123, వెరసి 2,62,267ని భాగిస్తుంది. శేషం మూడుకి బదులు ఏడు వస్తుంది. ఏ లోపం లేనట్టు, ఏ హెచ్చరికా లేకుండా.

రుణసంఖ్యల సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. ఒక రూపాయి అప్పుని, అంటే మైనస్ ఒకటిని, ఇదే పద్ధతిలో అచ్చు వేస్తే 65,535 అని పడుతుంది. బ్యాంకులవాళ్లు చాలామంది దీన్ని అసెంబ్లీ అవసరం లేకుండానే సాధించారు.

ఇక అసలు కథ డాలర్‌ది.

ఉత్త అంకె కనబడితే ఏం బాగుంటుంది, ముందు 'జవాబు ఇది' అని ఒక ముక్క ఉండాలన్నాడు మావాడు. న్యాయమే. డాస్‌లో వాక్యాన్ని అచ్చు వెయ్యాలంటే ఏహెచ్‌లో 9 పెట్టి పిలవాలి. వాక్యం ఎక్కడ ఆగాలో తెలియాలి కాబట్టి చివర డాలర్ గుర్తు పెట్టాలి. చుక్క కాదు, సున్నా కాదు, డాలర్. ఈ ఆచారం డాస్ కంటే ముందుది. 1974లో గ్యారీ కిల్డాల్ రాసిన సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ వాక్యం అచ్చు వేసే పని నంబరు తొమ్మిదే, వాక్యం చివర డాలరే. టిమ్ ప్యాటర్సన్ 1980లో 86-డాస్ రాసినప్పుడు పాత ప్రోగ్రాములు సులువుగా ఇటు తెచ్చుకోవచ్చని ఆ పిలుపుల్ని చాలావరకు అలాగే ఉంచాడు. 1981లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనేసింది. ఇల్లు కొన్నవాడికి గుమ్మానికి కట్టిన నిమ్మకాయలు కూడా వచ్చినట్టు డాలరూ వచ్చింది. కిల్డాల్‌గారు తెనాలిలో పుట్టి ఉంటే వాక్యం చివర 'చిత్తగించవలెను' అని ఉండేదేమో. రూపాయి గుర్తయినా వచ్చేదేమో అంటారా, దానికి మనకే 2010 దాకా సొంత గుర్తు లేదు.

ఇందులో చమత్కారమేమిటంటే, ఈ పద్ధతిలో డాలర్ గుర్తుని అచ్చు వెయ్యలేం. 'జీతం $5000' అని రాస్తే తెరమీద 'జీతం' అని మాత్రమే పడుతుంది. మా ఎన్నారై చుట్టాలు కూడా జీతం అడిగితే సరిగ్గా అక్కడే ఆగిపోతారు. పోనీ చివర డాలర్ పెట్టడం మర్చిపోతే? మిషన్ ఆగదు. మన వాక్యం అయిపోయినా, దాని పక్కనున్న చెత్తంతా, ఆ పక్కనున్న చెత్తంతా తెరమీద కుమ్మరిస్తూ, మెమరీలో ఎక్కడో ఒకచోట డాలర్ తగిలేదాకా పరుగెడుతూనే ఉంటుంది.

వై2కే రోజుల్లో అమీర్‌పేట చూసినవాళ్లకి ఈ పరుగు కొత్తగా విప్పి చెప్పక్కర్లేదు. మైత్రీవనం ముందు కోచింగ్ బోర్డులు ఒకదానిమీద ఒకటి. కోబాల్, మెయిన్‌ఫ్రేమ్స్, వారం తిరక్కుండా డెమో క్లాస్. వ్యవసాయం చదివినవాడూ అక్కడే, బియ్యం మిల్లు వారసుడూ అక్కడే. శేఖర్ కమ్ముల 2000లో తీసిన మొదటి సినిమాకి డాలర్ డ్రీమ్స్ అని పేరు పెట్టాడంటే ఊరికే పెట్టలేదు. కోర్సయ్యాక చిలుకూరు. అక్కడి బాలాజీకి వీసా దేవుడని పేరు. మొక్కుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, వీసా వచ్చాక నూట ఎనిమిది. ఇది శుద్ధమైన అసెంబ్లీ ప్రోగ్రాము. సీఎక్స్‌లో 11 వెయ్యి, చుట్టూ తిరుగు, లూప్ అను. ఒక్కో చుట్టుకీ సీఎక్స్ తనంతట తనే ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే బయటికి. కాన్సులేట్ దగ్గర కంపేర్. వీసా వస్తే ఒక దారి, రాకపోతే ఇంకో దారి. వస్తే సీఎక్స్‌లో 108 వేసి మళ్లీ అదే లూప్. అక్కడ జనం చేతిలో కార్డుమీద అంకెలు కొట్టేసుకుంటూ తిరుగుతారు చూశారా, ఆ కార్డు సీఎక్స్ రిజిస్టరే. మధ్యలో తెలిసినవాళ్లెవరో పలకరిస్తే లెక్క తప్పుతుంది. దాన్ని ఇంటరప్ట్ అంటారు. మంచి ప్రోగ్రామర్ పలకరింపుకి బదులిచ్చే ముందే సీఎక్స్‌ని స్టాక్‌లో దాచుకుంటాడు, మంచి భక్తుడు కార్డుమీద గీత పెట్టాకే నమస్కారం పెడతాడు.

మా పక్క ఫ్లాట్‌లో పెద్దాయనా ఆవిడా ఉంటారు. అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. ఆదివారం పొద్దున్నే వీడియో కాల్ వస్తుంది. గోడ పల్చన, వద్దన్నా వినబడుతుంది. ఆవిడ శనివారం రాత్రి నుంచే ఏమేం చెప్పాలో కూడగట్టుకుంటుంది. మోకాళ్లు, కాలనీలో నీళ్ల ట్యాంకర్, పెద్దాయన రాత్రిళ్లు లేచి కూర్చోవడం. ఫోన్ వచ్చాక కాసేపు కూర ఏం చేశావు, మనవడికి జలుబు తగ్గిందా అని నడుస్తుంది. ఎప్పుడొస్తావురా అని ఆవిడ అడుగుతుంది. టికెట్లు మనిషికి ఇన్ని డాలర్లు ఉన్నాయమ్మా, నలుగురం అంటాడు అబ్బాయి. అంతటితో సరి. ఆ తర్వాత మాట్లాడటానికి ఆవిడకేమీ దొరకదు. మోకాళ్ల సంగతి మళ్లీ ఆదివారానికి మిగిలిపోతుంది. అతను చెడ్డవాడేం కాదు. టికెట్ల రేటూ అబద్ధం కాదు.

మళ్లీ మావాడి దగ్గరికొస్తాను. వాక్యం రాశాడు, చివర డాలర్ పెట్టాడు. ఏఎల్‌లో జవాబు ఉంచుకున్నాడు. తొమ్మిదో నంబరు పెట్టి డాస్‌ని పిలిచాడు. దానివల్ల ఏఎక్స్‌లో పైసగమైన ఏహెచ్ పాడవుతుందని తెలుసు కాబట్టి తిరిగొచ్చాక దాన్ని సున్నా కూడా చేశాడు. బుద్ధిమంతుడు. తర్వాత ఏఎల్‌ని అచ్చు వేశాడు.

జవాబు 36.

మూడూ నాలుగూ కలిపినా ముప్పై ఆరే, తొమ్మిదీ ఎనిమిదీ కలిపినా ముప్పై ఆరే. సున్నాకి సున్నా కలిపి చూశాడు, ముప్పై ఆరే. జాతకం చూపించాలేమో మావయ్యా అన్నాడు. సంగతేమిటంటే, తొమ్మిదో నంబరు పని ముగించి తిరిగొచ్చేటప్పుడు డాస్ ఏఎల్‌లో ఒక గుర్తు వదిలేసి వస్తుంది. అది వాక్యం చివర తనకి తగిలిన ఆఖరి అక్షరం, అంటే డాలర్. దాని నంబరు ముప్పై ఆరు. ఈ సంగతి అధికారిక మాన్యువల్‌లో ఉండదు. వాక్యం అచ్చు వేసే పని తిరిగి ఏమీ ఇవ్వదని అందులో ఉంటుంది. మన జవాబు ఉన్న గిన్నెలో డాలర్ వేసి ఇవ్వడం వాళ్ల దృష్టిలో ఏమీ ఇవ్వకపోవడమన్నమాట.

నవ్వులు సరే, నాకు నిజంగా ఒళ్లుమండేది ఇక్కడ. కూడిక ఒక్క లైను. దాన్ని కళ్లకి చూపించడానికి డజనుకి పైనే లైన్లు కావాలి. కష్టమంతా, నేర్చుకోవలసిందంతా ఆ లైన్లలోనే ఉంది. సంఖ్య వేరు, సంఖ్య బొమ్మ వేరు అనే జ్ఞానం అక్కడే కలుగుతుంది. ఇప్పటి లైనక్స్‌లోనూ అంతే. రైట్ అనే సిస్టమ్ కాల్‌కి బైట్లు తెలుసు గానీ అంకెలు తెలియవు. సీ భాషలో ప్రింట్‌ఎఫ్ అని ఒక్క మాటలో పని కానిచ్చేవాళ్ల కోసం దాని అడుగున ఎవరో ఒకరు ఈ భాగహారమంతా చేసి పెట్టారు. అలాంటి పనిని ల్యాబ్‌లో ఎవరూ చెప్పరు. 'ఫలితమును ఫలానా మెమరీ లొకేషన్‌లో చూడవలెను' అని మాన్యువల్‌లో ఒక వాక్యం. డీబగ్ తెరిచి డంప్ కొట్టి, హెక్సాలో కనబడిన అంకెని రికార్డులో కాపీ చేసి, కింద 'అవుట్‌పుట్ వెరిఫైడ్' అని ఎర్ర ఇంకు సంతకం. వైవాలో మాత్రం 8086కి పిన్నులెన్ని అని అడుగుతారు. నలభై. అడ్రస్ లైన్లెన్ని? ఇరవై. చెప్పినవాడికి పదికి తొమ్మిది. ఆ నలభై పిన్నుల్లో ఏ ఒక్కటీ మావాడికి ఏడుని చూపించలేదు.

ల్యాబ్ మాస్టార్లకి ఒక విన్నపం. మొదటి వారం ప్రయోగంగా కూడికని తీసేసి 'ఒక సంఖ్యను తెరపై అచ్చు వేయుము' అని పెట్టండి. కూడిక రెండో వారం చెప్పుకోవచ్చు, తొందరేం లేదు. ఎవరి రికార్డులోనైనా జవాబు 36 అని కనబడితే కూడిక రాదని సున్నా వెయ్యకండి. వాడు వాక్యానికి ముందు ఏఎక్స్‌ని పుష్ చేశాడో లేదో చూడండి. చెయ్యకపోతే ఎందుకు చెయ్యాలో చెప్పండి, మాకు ఫోన్లు తగ్గుతాయి.