హామీ బ్యాంకుది, లోటు మీది

అమెరికా బ్యాంకులు అమ్మే సరుకుల్లో క్యాషియర్స్ చెక్కుకు సాటి లేదు. డబ్బు మనది, ముందే కట్టేసేదీ మనమే. దాన్ని నమ్మదగిన డబ్బుగా మార్చి చేతిలో పెట్టినందుకు బ్యాంకు పైన పదో పదిహేనో డాలర్లు పుచ్చుకుంటుంది. ఎంట్రన్సు దరఖాస్తులకు డీడీలు తీస్తూ పెరిగిన తరానికి ఇది వింతేమీ కాదు. డీడీకి అమెరికాలో ఉన్న మేనత్త కొడుకన్నమాట.

మామూలు చెక్కులో మాట ఇచ్చేది మీరు. క్యాషియర్స్ చెక్కులో బ్యాంకు ముందు మీ ఖాతాలోంచి సొమ్ము లాగేసుకుని, ఆ తర్వాత తన సొమ్ములోంచి తానే చెల్లిస్తానని రాసి సంతకం పెడుతుంది. సర్టిఫైడ్ చెక్కు ఇంకో రకం: చెక్కు మీదే, సొమ్ముందని చూసి బ్యాంకు పూచీ ముద్ర కొడుతుంది. రెండింటికీ ఖాతా ఖాళీ అని బౌన్సయ్యే బెడద లేదు. అందుకే క్రెడిట్ హిస్టరీ లేకుండా ఇర్వింగ్‌లోనో జెర్సీ సిటీలోనో దిగిన మన కుర్రాడితో అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్ళు "క్యాషియర్స్ చెక్కో మనీ ఆర్డరో తెండి" అంటారు. మనిషి మాట చెల్లదు, కాగితం చెల్లుతుంది. సరే, అంతవరకు న్యాయమే.

ఆ కాగితం దారిలో పడిపోయిందనుకోండి. రాసింది బ్యాంకే, సొమ్ము ఉన్నదీ బ్యాంకులోనే, దాన్ని ఇంకా ఎవరూ మార్చుకోలేదని తెలిసేదీ బ్యాంకుకే. అయినా పోయిందని ప్రమాణపత్రం రాసిచ్చి, చెక్కు తేదీ నుంచి 90 రోజులు నిండేదాకా ఓపిక పట్టాలి. ముందే కావాలంటే పూచీ బాండు తెమ్మంటారు. పూచీ పడ్డ బ్యాంకుకు మళ్ళీ మనం పూచీ!

అసలు వినోదం దొంగ చెక్కుతో మొదలవుతుంది. మన కుర్రాడు ఊరు మారుతూ పాత కరోలా 4,500 డాలర్లకు అమ్మకానికి పెడతాడు. ఎక్కడివాడో బేరమైనా ఆడకుండా 6,000కి క్యాషియర్స్ చెక్కు పంపి, మిగిలిన 1,500 కారు తీసుకెళ్ళే ట్రక్కువాడికి పంపమంటాడు. చెక్కు చూస్తే ముచ్చటేస్తుంది: వాటర్‌మార్కు, పెద్ద బ్యాంకు లోగో, కింద ఫోన్ నంబరు. ఆ నంబరుకు చేస్తే "అవునండీ, మా చెక్కే" అని తియ్యగా చెబుతారు. చెప్పేదీ ఆ ముఠావాడే.

ఇలాంటి చెక్కును కౌంటర్లో ఇస్తే మామూలుగా మర్నాటి పనిదినానికే సొమ్ము వాడుకోనివ్వాలి. జనం సొమ్మును రోజుల తరబడి బిగపట్టే బ్యాంకులకు ముక్కుతాడు వేయడానికి 1987లో కాంగ్రెస్ చేసిన చట్టం పుణ్యమది. యాప్‌లో అంకె కనబడగానే కుర్రాడు 1,500 పంపేస్తాడు. రెండు వారాలకు ఆ పెద్ద బ్యాంకు "ఇది మాది కాదు" అంటుంది. ఇతని బ్యాంకు మారుమాట లేకుండా ఆరు వేలూ వెనక్కి లాగేసుకుంటుంది. ఖాతా మైనస్‌లోకి పోతే ఆ లోటూ ఇతనే పూడ్చాలి. పొద్దస్తమానం చెక్కులతోనే బతికే బ్యాంకు పట్టలేని దొంగను, మొన్న విమానం దిగిన విద్యార్థి పట్టాల్సిందట. అనుమానం వస్తే సొమ్ము ఆపే హక్కు బ్యాంకుది, అనుమానించాల్సిన బాధ్యత మాత్రం మీది.

సర్కారు తెలివైంది. కాగితపు చెక్కులతో మోసాలు ఎక్కువయ్యాయంటూ 2025 మార్చిలో వైట్‌హౌస్ ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఏడాది అక్టోబరు చివరి నుంచి ఇమిగ్రేషన్ శాఖ, మినహాయింపు ఉన్నవారి దగ్గర తప్ప, క్యాషియర్స్ చెక్కులూ మనీ ఆర్డర్లూ తీసుకోవడం మానేసింది. పని అనుమతి కార్డు (ఈఏడీ) ఫీజుకు పనికిరాని కాగితం అద్దె డిపాజిట్‌కి మాత్రం ఇంకా బంగారమే!

కారు అమ్మేవాళ్ళు కొనేవాణ్ణి వెంటబెట్టుకుని అతని బ్యాంకుకే వెళ్ళండి, కళ్ళముందే చెక్కు రాయించుకోండి. ఫోన్ చేయాల్సి వస్తే ఆ బ్యాంకు నంబరు మీరే వెతుక్కోండి, చెక్కు మీదున్నది వద్దు. ఇవ్వాల్సినదానికంటే ఎక్కువ రాసి తేడా వెనక్కి పంపమన్నవాడు దొంగే.