దార్శనికుల సేద్యము

ఈ కాలమున ఋషులు కరవైనారని విచారించువారు భారత వ్యవసాయ పరిశోధన మండలివారి ప్రచురణములను ఒకమారు తిరుగవేయవలెను. పూర్వపు ఋషులకు దివ్యదృష్టి తపఃఫలముగా లభించెడిది. వీరికి ఉత్తర్వు మూలమున లభించుచున్నది. మొదట ‘విజన్ 2020’ వెలువడినది. ఆ సంవత్సరము ఇంకను దవ్వుననుండగనే ‘విజన్ 2025’, దానికిని వేళ కాకమునుపే ‘విజన్ 2030’, దాని సిరా తడి యారకమునుపే ‘విజన్ 2050’ అవతరించినవి. మండలి యొక్కటియే కాదు. వరి సంస్థ మొదలుకొని బికనీరులోని ఒంటెల పరిశోధన కేంద్రము వరకు ఎవరి భవిష్యత్తును వారు దర్శించి, ముందుమాటతో సహా ముద్రించుకొన్నారు. గడువు వచ్చిన యేట పాత దర్శనమేమాయెనని అడుగుట మర్యాద గాదు. దూరవస్తువులను మాత్రమే చూడగలిగి చెంతనున్నవానిని కానలేని చూపునకు కంటివైద్యులు వేరొక పేరు పెట్టినచో అది వారి సంకుచితత్వము.

ప్రాధాన్యనిర్ణయమను క్రతువు మరింత రమణీయము. పంటలను నిలువునను, ప్రాంతములను అడ్డమునను వ్రాసి, గళ్లలో మార్కులు వేయుదురు. వరిశాఖాధిపతి వరికిని, పత్తిశాఖాధిపతి పత్తికిని మిక్కిలి నిష్పక్షపాతముగ అగ్రస్థాన మొసగుదురు. కూడికలు ముగిసిన పిదప తేలునది పోయిన యేటి పద్దే. ఇంత శ్రమించి యథాస్థితిని శాస్త్రీయముగా నిరూపించుట సామాన్యమా? ఆ పద్దులో జీతములును, ప్రయాణభత్యములును పోగా మిగిలిన సొమ్ముతో ప్రయోగపు మడిలో కలుపు తీయించుటకు కూలి చాలకపోవచ్చును. కాని కలుపునకు మాత్రము తొందరయేమి, 2050 వరకు వ్యవధి కలదు.

ఇది మన యొక్కరి విద్య యనుకొని గర్వింపరాదు. బీదదేశములకు వ్యవసాయ పరిశోధనను ఎట్లు నిర్వహించుకొనవలెనో నేర్పుటకై 1979లో ‘ఇస్నార్’ అను అంతర్జాతీయ సంస్థను నెలకొల్పిరి. దాని పీఠము ఏ సజ్జచేని గట్టుననో కాదు, నెదర్లాండ్సులోని హేగ్ నగరమున వెలసినది. వారు నేర్పిన లెక్కలు మంచివే, అది వేరు మాట. దీర్ఘకాల ప్రణాళికల గురుపీఠము తాను మాత్రము పావుశతాబ్ది నిండగనే, 2004లో, మూతపడినదని కొందరు నవ్వుదురు, నేను నవ్వను.

ఇక దార్శనికత లేనిచో సంభవించు అనర్థమునకు ఉదాహరణము చూడుడు. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లాకు చెందిన నాందేడ్ అను పల్లెలో దాదాజీ ఖోబ్రగడే అను చిన్న రైతు, 1980వ దశకము తొలినాళ్లలో, తన ‘పటేల్ 3’ వరిమడిలో రంగు తేడాగనున్న వెన్నులు కొన్నింటిని కనిపెట్టి, వానిని వేరుగ దాచి, మరుసటి కారున విత్తి, మేలైనవానిని ఏటేట ఏరుకొనుచు పోయి, కడకు సన్నని క్రొత్త వడ్లు సాధించినాడు. విజన్ లేదు, గళ్లు లేవు, ముందుమాట వ్రాయ మంత్రి లేడు. పేరుకైనను ఒక సంఘము కూర్చుండలేదు. నాడు అందరి మణికట్టునను మెరయుచుండిన గడియారపు పేరు తగిలించి ‘హెచ్‌ఎంటీ’ అనిరి. ఆ బియ్యము నేడు తెలంగాణపు అంగళ్లలో సయితము బస్తాలకు బస్తాలు అమ్ముడుపోవుచున్నది.

ఇట్టి క్రమరాహిత్యమును వ్యవస్థ యెంతకాలము సహించును? అకోలాలోని కృషి విద్యాపీఠమువారు ఆ విత్తనము తెప్పించుకొని, శుద్ధిచేసితిమని చెప్పి, 1998లో ‘పీకేవీ హెచ్‌ఎంటీ’ యని విడుదల చేసిరి. పేరుకు ముందు మూడక్షరములు చేరినవి. ఆ వ్యయమును పద్దులో ఏ శీర్షిక క్రింద వ్రాసిరో గాని, ఇంత చౌకగా ముగిసిన పరిశోధన మరియొకటి నాకు కనబడలేదు.