పాదరసం తెలుసు, తవ్వినవాడు తెలియడు

ఇప్పటి ఇంటర్ పిల్లల్ని పాదరసం గురించి అడిగి చూడండి. హెచ్‌జీ, పరమాణు సంఖ్య 80, సాంద్రత 13.6 అని గడగడా ఒప్పజెప్తారు. సీసా ఎత్తితే ఎలా ఉంటుందని అడిగితే మటుకు నోరు మెదపరు. ఏనాడన్నా చేత్తో పట్టుకుంటే కదా!

మా రోజుల్లో కాలేజీ ల్యాబ్‌లో గోడకి నిలువెత్తు బారోమీటరు ఉండేది. అరకిలో పాదరసం సీసా గుప్పిట్లో ఇమిడిపోయేది, ఎత్తబోతే చెయ్యి కిందికి లాగేసేది. పొరపాటున నేల మీద ఒలికిందా, అటెండరు అందర్నీ అవతలికి తరిమి, కాగితం మడిచి ఒక్కో పూసనీ తోసి పోగుచేసేవాడు. సందుల్లోకి పోయినదాని మీద గంధకం పొడి చల్లేవాడు. అది విషమని అలా కళ్లతో చూసి నేర్చుకున్నాం. ఇప్పుడు చాలా కాలేజీల్లో ల్యాబ్‌కి తాళం పడింది. ప్రాక్టికల్ రికార్డు పక్కవాడిది చూసి దింపేయడమే. థర్మామీటర్లలోంచి, బీపీ మిషన్లలోంచి పాదరసం పోతోంది. పోవాల్సిందే, దానికి నేను ఏడవడం లేదు. దాంతోపాటు దాన్ని తవ్విన మనుషుల ఊసు కూడా పోతోందే, అదీ నా బాధ.

మా కెమిస్ట్రీ మాస్టారు పాదరసం పాఠానికి ముందు గోడకి ప్రపంచపటం తగిలించేవారు. స్పెయిన్‌లో అల్మదేన్, అప్పటి యుగోస్లావియాలో, అంటే ఇప్పటి స్లొవేనియాలో ఇద్రియ, పెరూలో హువాంకవెలికా. పాదరసం గనులున్న ఆ మూడు ఊళ్లూ చూపించాకే బోర్డు మీద సమీకరణం రాసేవారు. పాదరసం ఖనిజమైన ఇంగిలీకాన్ని కాలిస్తే గంధకం పొగై పోతుంది, పాదరసం ఆవిరై, చల్లబడి బొట్లుబొట్లుగా దిగుతుంది. ఆ ఆవిరిలో కొంత బట్టీ దగ్గర నిలబడ్డవాడి ఊపిరితిత్తుల్లోకి పోతుందని కూడా ఆయనే చెప్పేవారు. ఆ వాక్యం ఏ పుస్తకంలోనూ లేదు.

ప్రపంచం ఇప్పటిదాకా వాడిన పాదరసంలో దాదాపు మూడో వంతు ఒక్క అల్మదేన్‌దే. అమెరికా ఖండంలో తవ్విన ఖనిజంలోంచి వెండి తీయాలంటే పాదరసం కావాలి. ఆ వెండి మీదే స్పెయిన్ రాజ్యం నడిచింది. అల్మదేన్ గనిలో దిగేవాళ్లు చాలక 1566 నుంచి ఖైదీల్ని పంపడం మొదలుపెట్టారు. అక్కడ ఏం జరుగుతోందో కనుక్కురమ్మని 1593లో మతేయో అలెమాన్ అనే అధికారిని పంపితే, ఆయన ఖైదీల్నే కూర్చోబెట్టి అడిగి రాసుకున్నాడు. బట్టీలు చల్లారకముందే లోపలికి పంపి కుండలు తీయించడం, గనిలో నీళ్లు తోడలేక చతికిలబడితే కొరడా దెబ్బలు, చేతులు వణికిపోయి మతి తప్పినవాళ్లు, అన్నీ అందులో ఉన్నాయి. తర్వాత ఆయనే పేరున్న నవలాకారుడయ్యాడు.

1719లో ఆంట్వాన్ ద జుస్యూ అనే ఫ్రెంచి వైద్యుడు అల్మదేన్‌లో తాను చూసింది రాసిపెట్టాడు. స్వేచ్ఛగా కూలికి వచ్చినవాళ్లు పని అయ్యాక ఒళ్లు కడుక్కుని, బట్టలూ చెప్పులూ మార్చుకుని ఇంటికి పోతారు, బాగానే బతుకుతారు. మార్చుకోవడానికి రెండో జత లేని బానిసలు, ఖైదీలు ఆ బట్టలతోనే, కడగని చేతుల్తోనే గనిలో రొట్టె తింటారు. వాళ్లకే దవడలు వాచి, నోరు పుండై, చొంగ కారి, ఒళ్లు వణుకుతుంది. ఒక జత బట్టలు, ఒక చెంబు నీళ్లు! ఆమాత్రం ఇవ్వక మనుషుల్ని చంపుకున్నారు.

హువాంకవెలికాలో కొండజాతి ఊళ్ల మీద వంతులు వేసి మగవాళ్లని గనికి తోలుకుపోయేవారు. వెట్టి చూసిన తెలంగాణ పెద్దలకి దాని సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ఇద్రియలో మటుకు 1665లోనే గనిలో పనిని రోజుకి 6 గంటలకి తగ్గించారు. 1754లో గని కార్మికులకి వైద్యుడిగా వచ్చిన స్కోపోలి వాళ్ల వణుకుని, నోటిపూతని దగ్గరుండి చూసి పుస్తకం రాశాడు. కార్మికుడి ఒంటిని పరీక్షగా చూసి రాసిపెట్టినవాళ్లు ఉన్నారు కాబట్టే ఈ సంగతులు మనదాకా వచ్చాయి.

మరి ఇప్పుడో? వారానికి 70 గంటలు పనిచేస్తే తప్ప దేశం బాగుపడదని పెద్దపెద్దవాళ్లు సలహాలిస్తున్నారు. మ్యాన్‌హోల్‌లోకి రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించకూడదని 2013లో చట్టం చేసుకున్నాం, దించుతూనే ఉన్నాం, ఊపిరాడక చనిపోయారన్న వార్త పేపర్లో ఓ మూల వస్తూనే ఉంది. కొడైకెనాల్ థర్మామీటర్ల ఫ్యాక్టరీ పాదరసం గొడవతో 2001లో మూతపడింది, మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? అల్మదేన్, ఇద్రియ గనులు మూతపడి 2012లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి. అక్కడివాళ్లు ఆ సొరంగాల్లోకి బడిపిల్లల్ని తీసుకెళ్లి చూపిస్తారు. మొన్న మా మనవడికి ఇదంతా చెప్పబోతే "తాతయ్యా, అది సిలబస్‌లో లేదు" అన్నాడు. తప్పు వాడిది కాదు, ర్యాంకు వస్తే చాలనుకున్న మనది.

సిలబస్ రాసే పెద్దల్ని అడిగేది ఒక్కటే. పాదరసం పాఠంలో ఒక్క పేజీ వదలండి. ఎక్కడ తవ్వారో, ఎవరిచేత తవ్వించారో, వాళ్లకి ఏ జబ్బు చేసిందో, ఏ జాగ్రత్త తీసుకుంటే తప్పేదో రాయండి. పరీక్షలో దానికి రెండు మార్కులైనా పెట్టండి. అది చదువుకున్న పిల్లాడు రేపు ఇంజనీరై, మనిషిని గోతిలోకి దించమని పైవాడు చెప్పినప్పుడు, ముందు మాస్కు ఏదని అడుగుతాడు.