మున్సిపాలిటీని ముంచే ఆరు సలహాలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, ఊరి చుట్టూ కొత్త కాలనీలు లేచాయి. ఆ కాలనీలకు నల్లా నీళ్లు, మురుగుకాల్వలు, వీధిదీపాలు ఇవ్వాల్సింది మున్సిపాలిటీ. 2020 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2025 జనవరిలో ముగిసి, ప్రత్యేకాధికారులు వచ్చారు. కుర్చీలో ఎవరున్నా, వాళ్ల చెవిన పడే సలహాలు అవే. ఊరి మేలు కోరి చెప్పేవాళ్లూ ఉంటారు. కానీ ఆ సలహాలు ఇవాళ్టి ఇబ్బందిని తప్పించి, రేపు వడ్డీగానో కోర్టు ఖర్చుగానో ఊరి నెత్తిన పెడతాయి. వాటిలో ఆరింటిని, ఎందుకు వినకూడదో చెబుతూ, కింద రాస్తున్నాను.

1. “ఇంటిపన్ను ఇప్పుడే కట్టకు, మాఫీ వస్తది.”

మాఫీ వచ్చిన మాట నిజమే. బకాయిల మీద వడ్డీలో 90 శాతం తగ్గించే పథకాలు రాష్ట్రంలో ఒకటికి రెండుసార్లు వచ్చాయి. తగ్గింది వడ్డీ మాత్రమే, అసలు పైసా తగ్గలేదు. మాఫీ రాని ఏడాది నెలకు 2 శాతం చొప్పున వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అదే ఏప్రిల్‌లో కడితే ఆ ఏడాది పన్నులో 5 శాతం రాయితీ దొరుకుతుంది. “ఓట్లొస్తున్నయ్, పన్ను అడగొద్దు” అని నాయకులకు చెప్పే సలహా ఇంకా చెడ్డది. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పట్టణాల గ్రాంటుకు ఒక షరతు పెట్టింది: ఆస్తిపన్ను వసూలు రాష్ట్ర ఉత్పత్తి పెరిగే వేగానికి తగ్గట్టు పెరగాలి. ఇక్కడ పన్ను వదులుకున్న ఊరు, ఢిల్లీ నుంచి రావాల్సిన డబ్బునూ వదులుకున్నట్టే.

2. “గ్రాంటు వచ్చింది గదా, ముందు జీతాలిచ్చెయ్.”

పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు అదే ఆర్థిక సంఘం 2021–26కి ఇచ్చిన సొమ్ములో 30 శాతం తాగునీటికే, 30 శాతం పారిశుద్ధ్యానికే వాడాలి. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు గానీ, జీతాలకు వాడకూడదు. దారి మళ్లించిన పద్దు ఆడిట్‌లో అభ్యంతరంగా తేలుతుంది. ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టని ఊరికి గ్రాంటే లేదన్నదీ ఆ సంఘం నిబంధనే. జీతాలకు సొంత రాబడి చాలకపోతే, పన్ను పడని ఇళ్లనూ, పాత కిరాయికే నడుస్తున్న మున్సిపల్ దుకాణాలనూ ముందు చూడాలి.

3. “నోటీసెందుకు, తెల్లారేలోగా జేసీబీ పెట్టు.”

సంస్థానాల కాలం నాటి బజార్లున్న గద్వాలలో, వనపర్తిలో రోడ్డు వెడల్పు కావాల్సిందే. కానీ పట్టా ఉన్న జాగా వేరు, రోడ్డు మీదికి జరిపిన మెట్లు వేరు. పట్టా జాగా తీసుకునేటప్పుడు నోటీసు, వాదన వినడం, కారణాలతో ఉత్తర్వు, న్యాయమైన పరిహారం తప్పవని 2024 మేలో సుప్రీంకోర్టు కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో చెప్పి, ఆ సంస్థ మీదే 5 లక్షల రూపాయల ఖర్చులు వేసింది. అదే ఏడాది నవంబర్ 13న, కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల నోటీసు ఉండాలని ఇంకో తీర్పు ఇచ్చింది. రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు వంటి చోట్ల ఆక్రమణలకు ఈ రక్షణ లేదని కూడా అందులోనే ఉంది. కాబట్టి ముందు సర్వే చేయించి, ఏది ఏదో కాగితం మీద తేల్చాలి. పరిహారం నగదుగా ఇస్తారా, టీడీఆర్ బాండు (అమ్ముకోగలిగే నిర్మాణ హక్కు) ఇస్తారా అన్నదీ ముందే మాట్లాడుకోవాలి. చిన్న ఊళ్లో ఆ బాండుకు కొనేవాళ్లు సులభంగా దొరకరు.

4. “కోర్టు కాగితమా? ఫైల్ల పెట్టు, తర్వాత జూద్దాం.”

మున్సిపాలిటీ హాజరు కాకపోతే తీర్పు ఏకపక్షంగా వస్తుంది. ఉత్తర్వు అమలు చేయకపోతే ధిక్కార కేసులో కమిషనర్ బోనెక్కాలి. అవతలివాళ్లు స్టేకి వెళ్తారని తెలిస్తే మా మాట వినకుండా స్టే ఇవ్వొద్దని ముందే కేవియట్ వేయొచ్చు, అది 90 రోజులు పనిచేస్తుంది. చిన్న బకాయిలను లోక్ అదాలత్‌కు పంపాలి. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు.

5. “సఫాయోళ్ల పీఎఫ్ కాంట్రాక్టరే జూసుకుంటడు.”

పీఎఫ్ చట్టం 2011 జనవరి నుంచి మున్సిపాలిటీలకూ వర్తిస్తోంది. కాంట్రాక్టర్ కట్టకపోతే బాధ్యత ప్రధాన యజమానిదే, అంటే మున్సిపాలిటీదే. ఏడాదికి 12 శాతం వడ్డీ, పైన నష్టపరిహారం, చివరికి బ్యాంకు ఖాతా జప్తు. అంతకన్నా పెద్ద అన్యాయం, పొద్దున నాలుగింటికే చీపురు పట్టే మనిషికి ముసలితనంలో చేతికి రావాల్సిన డబ్బు పోవడం. నెలనెలా చలానా చూపనిదే కాంట్రాక్టర్ బిల్లు పాస్ చేయకూడదు.

6. “ఖాళీ జాగనే గదా, ఎవరికన్న రాసియ్యి.”

లేఅవుట్‌లో వదిలిన 10 శాతం ఖాళీ స్థలం మున్సిపాలిటీ చేతిలో ఉన్నా, అది ఆ కాలనీ జనం అవసరాల కోసమే. మున్సిపాలిటీ దానికి కాపలాదారు మాత్రమే. పార్కుకు ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆస్పత్రికి ఇవ్వడాన్ని 1991లోనే బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. చెరువు శిఖం సంగతీ అంతే. నాగర్‌కర్నూల్ కేసరి సముద్రం గానీ, వనపర్తి నల్లచెరువు గానీ ఒక పాలకవర్గం దయతో పంచిపెట్టే భూములు కావు. 2020 నాటి ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) కింద ఫీజు కట్టినంత మాత్రాన చెరువులో ప్లాటు సక్రమం కాదు.

ఈ ఆరు సలహాలూ చేసేది ఒక్కటే, ఇవాళ్టి ఇబ్బందిని రేపటికి నెట్టడం. మున్సిపాలిటీలో అలా నెట్టిన ప్రతి ఇబ్బందికీ ఖరీదుంటుంది, అది కట్టేది సలహా ఇచ్చినాయన కాదు, మనం. అందుకే ఏప్రిల్‌లోనే పన్ను కట్టండి. తర్వాత సమాచార హక్కు కింద మూడు కాగితాలు అడగండి: ఈ ఏడాది బడ్జెట్, పెండింగ్ కేసుల జాబితా, సఫాయి కార్మికుల పీఎఫ్ చలానాలు. 30 రోజుల్లో జవాబివ్వడం వాళ్ల విధి. అడగడం మన విధి.