గన్ ఎక్కడ గుచ్చాలి సర్‌జీ?

టాటా పంచ్ ఈవీకి ముక్కు మీద. అదే టాటావారి నెక్సాన్ ఈవీకి వెనక, పెట్రోలు బండికి మూత ఉండే చోట. హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్‌కి మూతి మధ్యలో. అదే హ్యుందాయ్‌వారి అయానిక్ 5కి వెనక కుడి తుంటి మీద. ఎంజీ కామెట్‌కి ముందు, కంపెనీ గుర్తు ఉన్న చోట. మహీంద్రా ఎక్స్‌యూవీ400కి ముందు ఎడమ చక్రం పైన. టెస్లా మోడల్ వైకి వెనక ఎడమ దీపంలో కలిపేసి, చూసినవాడికి అసలు సాకెట్టే లేదేమో అనిపించేంత పొందిగ్గా దాచారు. చార్జింగ్ సాకెట్ ఎక్కడుండాలన్న విషయంలో మన దేశంలో కారు కంపెనీలకున్నంత స్వేచ్ఛ మనకి రాజ్యాంగం కూడా ఇవ్వలేదు.

ఇదంతా ఆలోచించకుండా చేశారనడం అన్యాయం. చాలా ఆలోచించారు. బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ వారి ఐఎస్ 17017 ఉంది. చార్జింగ్ గన్‌లో పిన్నులు ఎలా అమరాలి, ఎంత కరెంటు మోయాలి, బండీ చార్జరూ ఒకదానితో ఒకటి ఏ భాషలో మాట్లాడుకోవాలి, అన్నీ భాగాలు భాగాలుగా రాశారు. ఆ రంధ్రం బండి ఒంట్లో ఏ మూల ఉండాలన్నది మాత్రం డిజైనర్ గారి అభిరుచికి వదిలేశారు. పెళ్ళి భోజనానికి మెనూ, వడ్డించేవాళ్ళు, విస్తళ్ళు అన్నీ కుదిర్చి, పంక్తి ఏ ఊళ్ళో వేస్తారో చెప్పడం మరిచినట్టుంది.

పిన్నుల సంగతి తేలడానికి ముందు ఇంకో వేడుక జరిగింది. ప్రభుత్వం తొలి విడతలో 'భారత్ డీసీ-001' అనే 15 కిలోవాట్ల చార్జర్లు పెట్టించింది. పేరులో భారత్ ఉంది, గన్ మాత్రం చైనా పద్ధతిది. మామూలు మనుషులు డబ్బు పెట్టి కొన్న నెక్సాన్‌లూ ఎంజీ జెడ్ఎస్‌లూ సీసీఎస్2 అనే వేరే పద్ధతి సాకెట్‌తో వచ్చాయి. చార్జరుంది, కారుంది, రెండిటికీ మాటల్లేవు. ఇప్పుడు మాటలు కలిశాయి. చేతులే అందడం లేదు.

ఎందుకు అందవో తెలియాలంటే ఢిల్లీలోని కరోల్ బాగ్ రావాలి. మెట్రో దిగి అజ్మల్ ఖాన్ రోడ్డు వైపు కాదు. దాన్ని 2019లోనే కార్లకి మూసేసి నడిచేవాళ్ళకి ఇచ్చారు. అక్కణ్ణుంచి తోసేసిన కార్లన్నీ ఎటు పోయాయో, ఆ పక్క గల్లీల్లోకి రావాలి. కారు ఇలా ఆపుతారో లేదో కిటికీ పక్కన ఒక కుర్రాడు ప్రత్యక్షమవుతాడు. చేతిలో చీటీల కట్ట, నోట్లో గుట్కా. ఒకటే మంత్రం: "న్యూట్రల్‌లో వదిలేయండి సర్‌జీ, హ్యాండ్‌బ్రేక్ వేయొద్దు."

ఢిల్లీ పార్కింగ్ శాస్త్రం మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉంది. గోడ పక్కన ఒక వరస, దాని వెనక అడ్డంగా ఇంకో వరస, పండగ రోజుల్లో మూడోది. లోపలి బండి బయటికి రావాలంటే ఇద్దరు కుర్రాళ్ళు బయటి బండిని భుజంతో తోస్తారు. అది జరిగితే దాని ముందుది తోస్తారు. బ్యాంక్ స్ట్రీట్ బంగారం కొట్లూ, గఫ్ఫార్ మార్కెట్ ఫోన్ కొట్లూ, పూసా రోడ్డు దాకా ఉన్న వ్యాపారమంతా ఈ ఇద్దరు కుర్రాళ్ళ భుజబలం మీద నడుస్తోంది. మూడు మీటర్లు ముందుకి, రెండు మీటర్లు వెనక్కి. ఏ బండీ పెట్టిన చోట ఉండదు, ఉండనివ్వరు.

ఇప్పుడు ఈ సభలోకి ఒక ఎలక్ట్రిక్ కారు విచ్చేసింది. చాలా ఈవీలు స్విచ్ ఆపగానే తమంతట తామే పార్కింగ్ గేరులో పడి బిగుసుకుపోతాయి. కుర్రాడు తోస్తే కదలదు. నలుగురు తోస్తే కదలదు. ఆపైన దానికి గన్ గుచ్చారనుకోండి, ఆ గన్ సాకెట్‌లో తాళం పడి కూర్చుంటుంది. ఓనరు వచ్చి తియ్యాలి. ఓనరు గారు మూడో అంతస్తులో చీరలు చూస్తున్న భార్యకి "అదే బాగుంది" అని తొమ్మిదోసారి చెబుతుంటాడు. కింద పదిహేను బండ్లు ఒకేసారి హారన్ కొడుతుంటాయి. ఇంతకీ ఈ బండికి గన్ గుచ్చగలిగారా? లేదు. సాకెట్ వెనక కుడి పక్కన ఉంది, చార్జరు ముందు ఎడమ పక్కన ఉంది, మధ్యలో కేబుల్ ఒక మూర తక్కువైంది. గన్‌ని బానెట్ మీద పడుకోబెట్టి పోయాడు.

పెట్రోలు మూత కూడా ఒక్కో బండికి ఒక్కో పక్కన ఉంటుంది కదా, దానికి లేని గొడవ దీనికెందుకు అంటారా? బంకులో మీరుండేది మూడు నిమిషాలు. పక్క తప్పితే బండి తిప్పుకుంటారు, లేకపోతే ఆ అబ్బాయే పైపు సాగదీసి డిక్కీ మీదుగా లాగి పోస్తాడు. పైగా ఏ పక్క మూతో చెప్పడానికి పెట్రోలు ముల్లు దగ్గర చిన్న బాణం గుర్తు కూడా పెట్టారు. బండి తిప్పుకునే చోటు బంకులో ఉంటుంది. గల్లీలో ఉండదు. కరెంటు ఎక్కేది గంటల లెక్కన, ఇంటి దగ్గరైతే రాత్రంతా. కాసేపు ఆగి పోయే చోట పక్క తప్పడం విసుగు. రాత్రంతా ఉండిపోయే చోట పక్క తప్పితే కేబుల్ రోడ్డుకి అడ్డంగా పడుకుంటుంది, దాని మీద ఈ-రిక్షా ఎక్కుతుంది, తెల్లారేసరికి కుక్క కొరుకుతుంది.

దేశాల సంగతి చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. కొరియాలో బండ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి. అంటే కాలిబాట కుడి పక్కన. అయానిక్ 5కీ, కియా ఈవీ6కీ వెనక కుడి పక్కన సాకెట్ పెట్టడం అక్కడ బుద్ధిమంతుల పని: కాలిబాట మీద నిలబడి గన్ గుచ్చుకోవచ్చు. అదే బండి ఇండియా వచ్చింది. స్టీరింగ్‌ని ఎడమ నుంచి కుడికి మార్చారు, సాకెట్‌ని ఉన్నచోటే ఉంచారు. మనది ఎడమ పక్క నడక. ఇక్కడ ఆ సాకెట్ నడిరోడ్డు వైపు తిరిగి నిలబడింది. ఆర్య సమాజ్ రోడ్డు మీద ఎడమ వారగా ఆపి, ట్రాఫిక్‌కి వీపు పెట్టి, బరువైన గన్ రెండు చేతులా పట్టుకుని గుచ్చుకునేవాడికి ముందు జీవిత బీమా చేయించాలి. టెస్లాది తిరకాసు అదృష్టం. అమెరికాలో దాని వెనక ఎడమ సాకెట్ రోడ్డు వైపు ఉంటుంది. ఇండియా వచ్చేసరికి వేలు కదపకుండానే కాలిబాట వైపు అయిపోయింది. మన దేశంలో ఏదైనా సరైన చోట ఉందంటే అది ఇలాగే ఉంటుంది, పొరపాటున.

అమెరికా వాళ్ళకి మాత్రం తెలివి ఎక్కువైందనుకోకండి. టెస్లా తన సూపర్‌చార్జర్లని ఇతర కంపెనీల బండ్లకి తెరిచాక, సాకెట్ వేరే మూలనున్న బండ్లు కేబుల్ అందక రెండు గళ్ళకి అడ్డంగా నిలబడ్డాయి. అక్కడ దాని గురించి సణుక్కున్నారు. కరోల్ బాగ్‌లో రెండు బండ్ల చోటు ఒక బండి తింటే సణగరు, ఠాణాకి వెళ్తారు.

నాలుగు మీటర్లు దాటితే బండికి పన్ను ఎక్కువ అని గీత గీయడం మన ప్రభుత్వానికి తెలుసు. ఆ గీత కోసం మారుతి తన డిజైర్‌కి 2012లో డిక్కీ కోసి మొండి చేసింది. బండి తోక ఎక్కడ ఆగాలో కేంద్రం చెప్పగలిగింది. ఆ తోకకి రంధ్రం కుడా ఎడమా అన్నది మాత్రం స్వేచ్ఛా విపణి పవిత్ర రహస్యం!

మా తెలుగువాళ్ళకి దీనికి మందు తెలుసు: వాస్తు. అగ్ని ఉండవలసింది ఆగ్నేయంలో. వంటగదీ, కరెంటు మీటరూ అక్కడే. ప్రసాద్ నగర్ ఆంధ్రా స్కూలు దగ్గర ఉండే ఒక పెద్దాయన నాతో చాలా గంభీరంగా ఈ మాటే అన్నారు. బాగానే ఉందండీ, కానీ బండి తిరుగుతుంది కదా, పొద్దున ఆగ్నేయంలో ఉన్న సాకెట్ సాయంత్రానికి వాయవ్యంలో ఉంటుంది అన్నాను. ఆయన ఒక క్షణం ఆలోచించి, "అయితే బండిని అలాగే ఉంచాలి, తిప్పకూడదు" అన్నారు. కరోల్ బాగ్ పార్కింగ్‌లో ఈవీకి జరుగుతున్నది అదే కాబట్టి నేనింక మాట్లాడలేదు.

నవ్వు ఆగే చోటు ఒకటుంది. కారున్నవాడి గొడవ కేబుల్ అందకపోవడం. బ్యాటరీ ఊడివచ్చే స్కూటరున్నవాడికి ఆ గొడవే లేదు: దాన్ని సంచీలా పట్టుకుని మెట్లెక్కి ఇంట్లో పెట్టుకుంటాడు. అంటే అతని బండికి చార్జింగ్ సాకెట్ ఎక్కడుంది? పడకగదిలో ఉంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు పోయాడు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో పెట్టిన బ్యాటరీ పేలి ఇంకొకరు పోయారు. ఆ సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనం అంటుకుని ఎనిమిది మంది చనిపోయారు. ఆ తర్వాత బ్యాటరీ భద్రతా నిబంధనలు బిగించారు. ఏఐఎస్-156 సవరణలు 2022 డిసెంబరులోనూ 2023 మార్చిలోనూ రెండు విడతలుగా అమల్లోకి వచ్చాయి. బ్యాటరీ ఎలా ఉండాలో రాశారు. అది ఏ మెట్ల కింద ఉండకూడదో చెప్పే గొంతు మాత్రం ఏ గల్లీలోనూ వినిపించదు. కరోల్ బాగ్‌కి మెట్ల సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. 2019 ఫిబ్రవరి 12న ఇక్కడి అర్పిత్ ప్యాలెస్ హోటల్ కాలి పదిహేడు మంది పోయారు. దానికీ ఈవీలకీ సంబంధం లేదు. పొగకీ, ఇరుకు దారులకీ ఉంది. ఇవాళ అలాంటి మెట్ల కిందే స్కూటర్లు జంక్షన్ బాక్సులకి వేలాడుతూ నిద్రపోతున్నాయి.

ఢిల్లీ సర్కారు 2020 ఆగస్టులో ఈవీ విధానం తెచ్చినప్పుడు 2024కల్లా కొత్త బండ్లలో నాలుగో వంతు ఎలక్ట్రిక్ కావాలంది. మరుసటి ఏడాది, వంద బండ్లకి మించి పార్కింగ్ ఉన్న వాణిజ్య భవనాలు ఐదు శాతం చోటు ఈవీ చార్జింగ్‌కి కేటాయించాలంది. వంద బండ్లు పట్టే భవనం! కరోల్ బాగ్ బిల్డర్ ఆ మాట విని కళ్ళు తుడుచుకున్నాడు. ఇక్కడ నాలుగంతస్తుల ఇంటి కింద స్టిల్ట్‌లో నాలుగు కార్లు ఒకదాని వెనక ఒకటి పడతాయి, పై నాలుగు ఇళ్ళవాళ్ళూ ఆ చోటు కోసం కోర్టుల్లో ఉంటారు.

ఇంత తిట్టాక నా చోటు నేను చెప్పకపోతే మర్యాద కాదు. ముందు, ఎడమ చక్రం పైన. ఎడమ వారగా ఆపితే కాలిబాట వైపు ఉంటుంది. ముక్కు గోడకి పెట్టి ఆపితే గోడ మీది చార్జరుకి అందుతుంది. నడిముక్కు మీద పెడితే? ఢిల్లీలో బంపర్ అన్నది బండికి కాదు, ముందువాడి పలకరింపుకి. మొదటి పలకరింపుకే సాకెట్ పచ్చడవుతుంది. ఎక్స్‌యూవీ400 దాదాపు నేనన్న చోటే పెట్టింది, తెలిసి పెట్టిందో తోచక పెట్టిందో.

ఇది మరీ తేలికైన పరిష్కారం కాబట్టి ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకునేది ఇంకొకటి ఇస్తాను: టాప్ మీద పెట్టండి. కరోల్ బాగ్‌లో ఖాళీ ఉన్నది పైనొక్కటే, అదీ వైర్లు పోను. వైర్లు ఇప్పటికే ఉన్నాయి, వడియాలు ఆరేసుకునేంత దట్టంగా. కొన్ని దేశాల్లో ఎలక్ట్రిక్ బస్సులు స్టాపులో ఆగి నెత్తి మీది చెయ్యితోనే కరెంటు అందుకుంటాయి, ఇది నా పిచ్చి కాదు. మనకి ఆ చెయ్యి కూడా అక్కర్లేదు, కొక్కెం చాలు. కొక్కెం వేసే విద్యలో ఈ దేశానికి కొత్తగా శిక్షణ ఇవ్వక్కర్లేదు.

అది కూడా నచ్చకపోతే కారు కంపెనీల డిజైన్ పెద్దలందరినీ కరోల్ బాగ్‌కి ఆహ్వానిస్తున్నాను. ధన్‌తేరస్ ముందు శనివారం, సాయంత్రం ఆరింటికి, ఎవరి బండి వాళ్ళే నడుపుకుని రావాలి. సోమవారం రాకండి, బజారు సెలవు, ఖాళీ వీధి చూసి అన్నీ బాగానే ఉన్నాయనుకుంటారు. చార్జరు చూపించడానికి మా కుర్రాళ్ళు ఉంటారు. చీటీ తీసుకోండి, చిల్లర ఉంచుకోండి, హ్యాండ్‌బ్రేక్ మాత్రం వేయకండి.